కతోలిక విశ్వవిద్యాలయంలో అందరినీ కలుపుకొనిపోయే బోధన: మార్కుల పద్ధతి నుంచి మొదలుపెట్టండి

మీ ప్రశ్న నాకు అర్థమైన మేరకు ఇది. మీరు ఒక కతోలిక విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్రం, గణాంకశాస్త్రం బోధించడానికి ఇటీవల చేరారు. మీరు కతోలికులు కారు. సంస్థ ఆశయ ప్రకటనలో సామాజిక న్యాయం, మానవ గౌరవం, పేదల పక్షం అనే మాటలు ఉన్నాయి. మీ తరగతిలో తమ కుటుంబం నుంచి తొలిసారి విశ్వవిద్యాలయంలో అడుగుపెట్టినవారు, రాత్రి పని చేసి పగలు చదువుకునేవారు, బోధనాభాష మాతృభాష కానివారు, వైకల్యం ఉన్నవారు, వేర్వేరు మతాలవారు, ఏ మతమూ లేనివారు ఉన్నారు. ఆ మాటలను ఈ తరగతిలో ఎలా అమలు చేయాలి, అందుకోసం మతం గురించి మాట్లాడాలా, ప్రమాణాలు దిగజారకుండా ఇది సాధ్యమా అని అడిగారు. ఇటువంటి విశ్వవిద్యాలయాల్లో చాలాకాలం బోధించి, తర్వాత కొత్త అధ్యాపకుల శిక్షణ బాధ్యత కూడా చూసిన అనుభవంతో సమాధానం రాస్తున్నాను.

ముందుగా నా అభిప్రాయం చెప్పేస్తాను. ఒక తరగతి న్యాయంగా నడుస్తున్నదా లేదా అన్నది అధ్యాపకుడు న్యాయం గురించి ఎంత గొప్పగా మాట్లాడాడన్న దానికంటే, మార్కులు ఎలా వేశాడు, గడువులు ఎలా పెట్టాడు, ఎవరికి తెలిసిన నియమాలను అందరికీ తెలిసినట్టు భావించాడు అన్న విషయాల్లోనే ఎక్కువగా తెలుస్తుంది. పేదరికం మీద ఉపన్యాసం విన్న విద్యార్థి, ఆ పాఠంలో పరీక్ష రాసేటప్పుడు తన పేదరికం వల్లనే వెనకబడితే, మనం చెప్పినదానికీ చేసినదానికీ మధ్య ఉన్న దూరాన్ని అతను అందరికంటే ముందు గ్రహిస్తాడు.

మతం విషయంలో మీ సందేహం సహజమైనదే, కానీ దానికి సమాధానం మీరనుకున్నంత క్లిష్టం కాదు. రెండవ జాన్‌పాల్ పోపు 1990 ఆగస్టు 15న వెలువరించిన ‘ఎక్స్ కోర్దే ఎక్లేసియే’ కతోలిక విశ్వవిద్యాలయాలకు మూలపత్రం వంటిది. ఇతర మతాలకు చెందిన అధ్యాపకులు, ఏ విశ్వాసమూ లేని అధ్యాపకులు కూడా సంస్థ కతోలిక స్వభావాన్ని గుర్తించి గౌరవించాలని అది కోరుతుంది. కతోలిక బోధ విశ్వవిద్యాలయ కార్యకలాపాలన్నిటినీ ప్రభావితం చేయాలంటూనే, ప్రతి వ్యక్తి మనస్సాక్షి స్వేచ్ఛనూ సంపూర్ణంగా గౌరవించాలని అదే వాక్యంలో చెబుతుంది. కాబట్టి గణాంకశాస్త్ర తరగతిని ప్రార్థనతో మొదలుపెట్టాలని గాని, మీది కాని విశ్వాసాన్ని మీదిగా చెప్పుకోవాలని గాని ఆ పత్రం మిమ్మల్ని అడగడం లేదు. అయితే అదే పత్రం ఇంకొక మాట కూడా అంటుంది. విశ్వవిద్యాలయ విద్య దాని వల్ల మేలు పొందగల వారందరికీ, ముఖ్యంగా పేదలకూ, ఇంతవరకు ఆ విద్యకు దూరంగా ఉంచబడిన అల్పసంఖ్యాక వర్గాలకూ అందే మార్గాలు వెతకాలని చెబుతుంది. ఇది ప్రవేశాల విభాగానికి మాత్రమే చెప్పిన మాట అని చాలామంది అధ్యాపకులు అనుకుంటారు. నా దృష్టిలో అది తరగతి గదికి ఇంకా ఎక్కువగా వర్తిస్తుంది, ఎందుకంటే చేర్చుకున్నాక నిలబెట్టుకోలేని విద్యార్థికి ప్రవేశం మిగిల్చేది అప్పు, అవమానం మాత్రమే.

కతోలిక సామాజిక బోధ, అంటే కూలి, పేదరికం, హక్కులు వంటి సమాజ విషయాలపై కతోలిక చర్చి చెప్పేదాని గురించి కొంత తెలుసుకుంటే మీకు పనికొస్తుంది. 1891లో పదమూడవ లియో పోపు ‘రేరుం నొవారుం’ లేఖలో, కార్మికుడు, యజమాని ఒప్పుకున్నంత మాత్రాన ఏ కూలి అయినా న్యాయమైపోదని, పొదుపుగా బతికే కార్మికుడి జీవనానికి సరిపడనిది న్యాయమైన కూలి కాదని వాదించాడు. ప్రపంచ కతోలిక బిషప్పులు సమావేశమైన రెండవ వాటికన్ మహాసభ 1965 డిసెంబరులో ఆమోదించిన ‘గౌదియుం ఎత్ స్పేస్’ పత్రం లింగం, జాతి, రంగు, సామాజిక స్థితి, భాష, మతం ఆధారంగా మనుషుల ప్రాథమిక హక్కుల విషయంలో చూపే ప్రతి వివక్షనూ నిర్మూలించాలని చెప్పింది. 1968లో కొలంబియాలోని మెడెయిన్‌లో, 1979లో మెక్సికోలోని ప్వెబ్లాలో సమావేశమైన లాటిన్ అమెరికా కతోలిక పీఠాధిపతులు (బిషప్పులు) పేదల పక్షాన నిలబడటాన్ని ఒక స్పష్టమైన ఎంపికగా ప్రకటించారు. ఈ చివరి భావనను దయాగుణంగా కాక ఒక పని పద్ధతిగా తీసుకోమని మీకు నా సలహా. మీ కోర్సును తయారు చేసేటప్పుడు, అన్ని వసతులూ ఉన్న విద్యార్థిని ఊహించుకొని పథకం వేసి, మిగతావారికి తర్వాత మినహాయింపులు ఇవ్వకండి. అతి తక్కువ సమయం, అతి తక్కువ డబ్బు, అతి తక్కువ పరిచయాలు ఉన్న విద్యార్థి నుంచి పథకాన్ని మొదలుపెట్టండి. మినహాయింపు అడగాలంటే ఆ విద్యార్థి తన కష్టాన్ని మీ ముందు నిరూపించుకోవలసి వస్తుంది. ఆ నిరూపణే ఒక అవమానం, పైగా మరీ కష్టంలో ఉన్నవారు సాధారణంగా అడగనే అడగరు.

ఇక మార్కుల సంగతి. దీని మీద కొంచెం ఎక్కువగానే రాస్తాను.

మీ కోర్సులో డెబ్బై, ఎనభై శాతం మార్కులు చివరి పరీక్ష ఒక్కదానికే ఉంటే, ఆ వారం ఎవరికి జ్వరం వచ్చింది, ఎవరికి రాత్రి పని పడింది, ఎవరి ఇంట్లో చావు జరిగింది అన్నవాటికి కూడా మీరు మార్కులు వేస్తున్నట్టే. ఆ బరువును సెమిస్టర్ పొడవునా చిన్న చిన్న పరీక్షలుగా, అభ్యాసాలుగా పంచండి. వాటిలో అతి తక్కువ మార్కులు వచ్చిన ఒకటి రెండింటిని అందరికీ వదిలేయండి. ఇలా చేస్తే వైద్యుడి ధ్రువపత్రాల కోసం ఎవరూ పరుగెత్తనక్కర్లేదు, మీరు ఎవరి దుఃఖానికీ తూకం వేయనక్కర్లేదు. గడువు దాటిన పనికి ఏం జరుగుతుందో మొదటి రోజే రాసి ఇవ్వండి. ‘వచ్చి అడిగితే చూద్దాం’ అనే పద్ధతి మనకు ఉదారంగా కనిపిస్తుంది; కానీ అధ్యాపకుడి గదికి వెళ్లి అడగవచ్చని చిన్ననాటి నుంచి నేర్చుకున్న విద్యార్థికే ఆ ఉదారత దక్కుతుంది.

అసైన్‌మెంట్ ఇచ్చేటప్పుడు మూడు విషయాలు రాతలో ఉండాలి: ఈ పని ఎందుకు చేయిస్తున్నారు, సరిగ్గా ఏం చేయాలి, దేన్ని చూసి మార్కులు వేస్తారు. వీలైతే, పాత బ్యాచ్ విద్యార్థుల అనుమతితో, పేర్లు తీసేసిన మంచి సమాధానం ఒకటి, ఓ మోస్తరు సమాధానం ఒకటి పక్కపక్కనే చూపించి, తేడా ఏమిటో తరగతిలోనే చర్చించండి. ‘విమర్శనాత్మకంగా విశ్లేషించండి’ అన్న ఒక్క మాట వెనక ఎన్నో రాయని నియమాలు ఉంటాయి. చదువుకున్న కుటుంబాల పిల్లలకు అవి ఇంట్లోనే తెలుస్తాయి, మిగతావారు మార్కులు పోగొట్టుకొని తెలుసుకుంటారు. నియమాలు బయటపెట్టినంత మాత్రాన పని తేలికవదు, దాగుడుమూతలు మాత్రం పోతాయి.

వీలున్న చోటల్లా పేరు కనిపించకుండా జవాబులు దిద్దండి. తరగతిలో మాట్లాడినందుకు మార్కులు ఇచ్చే అలవాటు ఉంటే దాన్ని మళ్లీ ఆలోచించండి, ఎందుకంటే అక్కడ మనం చాలాసార్లు కొలిచేది ధైర్యాన్ని, ఉచ్చారణను, అంతకుముందే ఉన్న ఆత్మవిశ్వాసాన్ని. రెండు నిమిషాలు రాసుకోనిచ్చి, పక్కవారితో మాట్లాడుకోనిచ్చి, ఆ తర్వాత అందరినీ అడిగితే వినిపించే గొంతులు మారతాయి. సైన్స్ తరగతులను పరిశీలించిన మేరీ బడ్ రో, అధ్యాపకులు ప్రశ్న అడిగాక సగటున ఒక్క సెకనుకు మించి ఆగడం లేదని, మూడు సెకన్లైనా ఆగితే జవాబులు నిడివిలోనూ నాణ్యతలోనూ మెరుగవుతున్నాయని 1970ల్లోనే చూపించింది. ఖర్చు లేని మార్పు ఇంతకంటే మరొకటి లేదు.

భాష విషయంలో కూడా స్పష్టత అవసరం. ప్రతిగమన విశ్లేషణ (రిగ్రెషన్) అర్థమైందా లేదా అని పరీక్షిస్తున్నప్పుడు వ్యాకరణ దోషాలకు మార్కులు కోయకండి. నివేదిక రాయడమే నేర్పుతున్నట్లయితే భాషకు మార్కులు పెట్టండి, కానీ అప్పుడు దాన్ని నేర్పండి కూడా. నేర్పనిదానికి మార్కులు వేయడం నా దృష్టిలో అన్యాయాలన్నిటిలోకీ ఎక్కువగా జరిగేది, తక్కువగా గుర్తించబడేది.

ప్రమాణాలు దిగజారుతాయన్న మీ భయానికి ఇక్కడే సమాధానం ఉంది. పైన చెప్పిన ఏ మార్పూ చివర్లో విద్యార్థికి తెలిసి ఉండవలసిన విషయాన్ని తగ్గించదు; అక్కడికి చేరే దారిలో అనవసరంగా పడి ఉన్న అడ్డంకులను మాత్రమే తీస్తుంది. ఆధారాలు కూడా ఇదే దిశలో ఉన్నాయి. సైన్స్, ఇంజినీరింగ్, గణిత కోర్సులపై జరిగిన 225 అధ్యయనాలను కలిపి చూసిన 2014 నాటి ఒక సమీక్షలో, ఉపన్యాసం మాత్రమే విన్న తరగతుల విద్యార్థులు, చురుకుగా పాల్గొనే పద్ధతిలో నేర్చుకున్నవారికంటే ఒకటిన్నర రెట్లు ఎక్కువగా పరీక్ష తప్పుతున్నట్టు తేలింది. 2020లో వెలువడిన మరో సమీక్ష, అదే పద్ధతి విశ్వవిద్యాలయాల్లో తక్కువగా కనిపించే వర్గాల విద్యార్థులకూ మిగతావారికీ మధ్య ఉత్తీర్ణతలో ఉన్న అంతరాన్ని 45 శాతం మేర తగ్గించిందని చూపింది. అందరికీ మేలు చేసే పద్ధతే వెనకబడినవారికి ఇంకా ఎక్కువ మేలు చేస్తున్నదన్నమాట. నిజంగా ప్రమాణాలను దిగజార్చేది జాలి. పేద విద్యార్థి రాసిన బలహీనమైన సమాధానానికి ‘బాగుంది’ అని రాసి వదిలేస్తే అతని తెలివిని మనం తక్కువ అంచనా వేసినట్టే. తప్పు ఎక్కడుందో చెప్పి, ఈ స్థాయికి నువ్వు రాగలవని నమ్ముతున్నాను కాబట్టే చెబుతున్నానని చెప్పి, తిరిగి రాయడానికి అవకాశం ఇవ్వండి. ఆ అవకాశం లేని విమర్శ ఎవరికీ ఉపయోగపడదు.

వైకల్యం ఉన్న విద్యార్థుల గురించి క్లుప్తంగా. శీర్షికలు సరిగా గుర్తుపెట్టిన దస్త్రాలు, వీడియోలకు అక్షరరూపం, బొమ్మలకు మాటల్లో వివరణ, రంగు ఒక్కదానిమీదే ఆధారపడని గ్రాఫులు మొదటి రోజు నుంచే అందరికీ సిద్ధంగా ఉంచండి. ఇవి చెవిటివారికీ చూపులేనివారికీ ఎంత అవసరమో, రాత్రి పని ముగించుకొని ఫోన్‌లో చదువుకునే విద్యార్థికీ అంతే ఉపయోగం. సమయం పొడిగింపు వంటి చట్టబద్ధమైన వసతుల విషయంలో మీ సంస్థలోని విభాగం చెప్పినట్టు నడుచుకోండి, కారణాలు అడగకండి.

పాఠ్యవిషయం దగ్గరకు వద్దాం. మీరు బోధించే శాస్త్రం కతోలిక సామాజిక బోధతో నేరుగా మాట్లాడగలదు, మీరు దాన్ని బలవంతంగా చొప్పించనక్కర్లేదు. కూలి ఎలా నిర్ణయమవుతుందన్న పాఠంలో గిరాకీ, సరఫరా నమూనాను పూర్తిగా నేర్పి, ఆ తర్వాత 1891 నాటి ఆ లేఖలోని వాదనను ఎదురుగా పెట్టండి. కనీస వేతనం మీద అనుకూలంగా, ప్రతికూలంగా ఉన్న పరిశోధనలను రెండింటినీ చదివించండి. ఆ లేఖ వాదనతో విభేదించే విద్యార్థి గట్టి ఆధారాలతో రాస్తే అతనికి పూర్తి మార్కులు రావాలి, ఏకీభవిస్తూ ఆధారం లేకుండా రాసినవారికి రాకూడదు. ఇది మొదటి వారమే పైకి చెప్పండి, ఎందుకంటే కతోలిక సంస్థలో ‘సరైన’ అభిప్రాయం రాస్తేనే మార్కులు వస్తాయని ఇతర మతాల విద్యార్థులు లోలోపల భయపడతారు, సామాజిక న్యాయం అనే మాట వినగానే కొందరు కతోలిక విద్యార్థులు కూడా అలాగే భయపడతారు. ఇద్దరి భయాన్నీ తీర్చవలసింది మీరే.

గణాంకశాస్త్రానికి ఈ సంప్రదాయంలో ఒక గొప్ప ఉదాహరణ ఉంది. ఎల్ సాల్వడార్ అంతర్యుద్ధ కాలంలో, శాన్ సాల్వడార్‌లోని యేసుసభవారి (జెస్యూట్లనే కతోలిక గురువుల సంఘం) మధ్య అమెరికా విశ్వవిద్యాలయంలో మనస్తత్వశాస్త్రం బోధించిన ఇగ్నాసియో మార్తిన్ బారో, 1986లో అక్కడ ప్రజాభిప్రాయ సేకరణ సంస్థను స్థాపించాడు. ప్రభుత్వం ప్రజలు ఏమనుకుంటున్నారని చెబుతున్నదో, ప్రజలు నిజంగా ఏమనుకుంటున్నారో, ఆ రెండింటి మధ్య తేడాను సర్వేలతో చూపడం అతని పని. ఆ విశ్వవిద్యాలయ అధిపతి (రెక్టర్) ఇగ్నాసియో ఎయ్యాకురియా కూడా, విశ్వవిద్యాలయం పేదల పక్షాన నిలబడవలసింది విశ్వవిద్యాలయంగానే, అంటే పరిశోధన, బోధన, సమాజంలోకి జ్ఞానాన్ని తీసుకెళ్లడం ద్వారానే అని చెబుతూ వచ్చాడు. 1989 నవంబరు 16న సైనికులు వీరిద్దరినీ, మరో నలుగురు యేసుసభ గురువులనూ, అక్కడ వంటపని చేసే ఎల్బా రామోస్‌నూ, ఆమె కూతురు సెలీనానూ కాల్చి చంపారు. నమూనా ఎంపిక (సర్వేలో ఎవరిని అడగాలో ఎంచుకోవడం) పాఠం చెబుతూ ఈ విషయం ప్రస్తావిస్తే, ఎవరి గొంతు లెక్కలోకి వస్తుందన్న ప్రశ్న విద్యార్థులకు సూత్రంగా కాక బాధ్యతగా అర్థమవుతుంది.

మీ సంస్థ బహుశా సేవాభ్యాసం కూడా చేయమంటుంది, అంటే విద్యార్థులను బస్తీలకో, ఆశ్రయ కేంద్రాలకో, కార్మిక సంఘాలకో పంపి ఆ అనుభవాన్ని కోర్సులో భాగం చేయడం. అప్పటి యేసుసభ అధిపతి పీటర్ హాన్స్ కోల్వెన్‌బాక్ 2000 అక్టోబరులో శాంతా క్లారా విశ్వవిద్యాలయంలో చేసిన ప్రసంగంలో, అన్యాయాన్ని అనుభవిస్తున్న మనుషులతో ప్రత్యక్ష పరిచయం హృదయాన్ని తాకినప్పుడే ఆలోచన మారుతుందనీ, విశ్వవిద్యాలయానికి అసలు కొలత దాని విద్యార్థులు ఎటువంటి మనుషులయ్యారన్నదేననీ వాదించాడు. నేను ఆ మాటను నమ్ముతాను. కానీ దాన్ని సరిగా అమలు చేయకపోతే జరిగే హాని కూడా చూశాను కాబట్టి గట్టిగా హెచ్చరిస్తున్నాను. విద్యార్థులు ఒక పూట వెళ్లి, ఫొటోలు దిగి, ‘మన అదృష్టం ఎంత గొప్పదో తెలిసింది’ అని రాస్తే, అక్కడి మనుషులు వారి మార్కులకు ముడిసరుకు అయ్యారని అర్థం. పైగా అలా వెళ్లే బృందంలోనే అటువంటి వీధిలో పుట్టి పెరిగిన విద్యార్థి ఒకరు ఉండవచ్చు. తన ఇంటిని తోటివారు సందర్శన స్థలంగా చూస్తుంటే ఆ విద్యార్థి మౌనంగా ఉండిపోతాడు. అందువల్ల ఏ పని కావాలో అక్కడి సంస్థే నిర్ణయించాలి, సంబంధం ఒక సెమిస్టర్‌తో తెగిపోకూడదు, ఫలితం వారి చేతికి అందాలి. మీ విద్యార్థులైతే ఒక కార్మిక సంఘానికి జీతాల లెక్కలు విశ్లేషించి, వారికి అర్థమయ్యే పట్టికల్లో ఇవ్వగలరు. పని చేసుకుంటూ చదివేవారికి ప్రయాణం, సమయం భారం కాకుండా సమాన విలువ గల ప్రత్యామ్నాయం ఉండాలి. మార్కులు అనుభూతికి కాక విశ్లేషణకు వేయండి.

రెండు కష్టమైన విషయాలు మిగిలాయి. వాటిని దాటవేస్తే ఈ సమాధానం నిజాయితీగా ఉండదు. మొదటిది, విద్యార్థులు సంస్థ గతం గురించి, శ్రీసభ (కతోలిక చర్చి) గతం గురించి అడుగుతారు. అమెరికాలోని మేరీల్యాండ్ యేసుసభవారు 1838లో 272 మంది బానిసలను అమ్మారని, అందులో వచ్చిన డబ్బులో కొంత జార్జ్‌టౌన్ విశ్వవిద్యాలయం అప్పులు తీర్చడానికి పోయిందని ఆ విశ్వవిద్యాలయమే బహిరంగంగా ఒప్పుకొంది, 2017లో యేసుసభ, విశ్వవిద్యాలయం కలిసి వారి వారసుల ఎదుట క్షమాపణ కోరాయి. ఇటువంటి ప్రశ్న తరగతిలో వస్తే సంస్థను కాపాడే పని మీది కాదు. అవసరమైతే ప్రజాభిప్రాయానికి రుచించని సత్యాలను కూడా పలికే ధైర్యం కతోలిక విశ్వవిద్యాలయానికి ఉండాలని నేను పైన చెప్పిన 1990 నాటి పత్రమే అంటుంది. ఆ ధైర్యం తన గురించి మాట్లాడేటప్పుడు కూడా ఉండాలని నేను అనుకుంటాను.

రెండవది, స్వలింగ ఆకర్షణ గల విద్యార్థులు, లింగ గుర్తింపు విషయంలో భిన్నంగా ఉన్న విద్యార్థులు. వివాహం, లైంగికతల మీద శ్రీసభ బోధ వారికి నొప్పి కలిగించే అవకాశం ఉంది, ఆ బోధను మీరు మార్చలేరు. కానీ శ్రీసభ తన బోధనంతా క్రోడీకరించిన 1992 నాటి కతోలిక సత్యోపదేశమే స్వలింగ ఆకర్షణ గలవారిని గౌరవంతో, కరుణతో, సున్నితత్వంతో స్వీకరించాలనీ, అన్యాయమైన వివక్ష ఛాయ కూడా ఉండకూడదనీ చెబుతుంది. గణాంకశాస్త్ర తరగతిలో దీని అర్థం చాలా మామూలు విషయాల్లో ఉంటుంది. వారు కోరిన పేరుతో పిలవడం, జట్టు పనిలో ఎవరూ వారిని పక్కన పెట్టకుండా చూడటం, ఎగతాళి వినిపించిన క్షణంలోనే ఆపడం, ఎవరి వ్యక్తిగత జీవితాన్నీ ఉదాహరణగా వాడకపోవడం మీ చేతిలో ఉన్నాయి. ఇందుకు సాధారణంగా మీరు ఎవరి అనుమతీ అడగనక్కర్లేదు.

ఇవన్నీ ఒకే సెమిస్టర్‌లో చేయబోకండి. ఒక కోర్సును ఎంచుకొని, చివరి పరీక్ష బరువు తగ్గించి, అసైన్‌మెంట్ల ప్రయోజనం, పని, కొలమానం రాసి ఇవ్వండి. నాలుగో వారంలో పేర్లు లేకుండా రెండే ప్రశ్నలు అడగండి: ఈ కోర్సులో మీ అభ్యాసానికి ఏది తోడ్పడుతోంది, ఏది అడ్డుపడుతోంది. వచ్చిన జవాబుల్లో ఏం మారుస్తున్నారో, ఏది మార్చలేరో, ఎందుకు మార్చలేరో తర్వాతి తరగతిలోనే చెప్పండి. చెప్పకపోతే మరోసారి ఎవరూ నిజం రాయరు. సెమిస్టర్ ముగిశాక, మీ సంస్థ అనుమతించే మేరకు, ఏ వర్గాల విద్యార్థులు ఎక్కడ మార్కులు పోగొట్టుకున్నారో ప్రశ్నల వారీగా చూడండి. సగటు మంచిగా కనిపించినా ఒక ప్రశ్నలో ఒక వర్గం మొత్తం వెనకబడి ఉంటే, ఆ ప్రశ్న మీరు నేర్పినదాన్ని అడిగిందా, ఇంట్లో నేర్చుకున్నదాన్ని అడిగిందా అని పరిశీలించి, తర్వాతి సెమిస్టర్‌కు ముందు దాన్ని తిరిగి రాయండి. మీ విభాగాధిపతి ఈ మార్పులకు కారణం అడిగితే, ఆశయ ప్రకటనలోని వాక్యాన్నీ మీ లెక్కలనూ పక్కపక్కన పెట్టి చూపించండి. కతోలిక విశ్వవిద్యాలయంలో ఆ వాక్యాన్ని ఆధారంగా చూపే హక్కు మీకు పూర్తిగా ఉంది.